పళ్ళ లెక్క, పాయింట్ల లెక్క

మా కమలాపురం చుట్టుపక్కల, అటు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, ఇటు పులివెందుల దాకా, తిరునాళ్ళకో ఉరుసుకో బండలాగుడు పోటీలు పెడితే గోడపత్రికలో రెండు లెక్కలు పెద్దక్షరాల్లో ఉంటాయి. ఒకటి ప్రైజు డబ్బు. రెండోది పళ్ళు. పాలపళ్ళ విభాగం, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆపైన సీనియర్లు. కొత్తగా చూసేవాళ్ళకి ఈ పళ్ళ గోల నవ్వు తెప్పిస్తుంది గానీ, పోటీ న్యాయంగా జరగడానికి మావాళ్ళు కనిపెట్టుకున్న పద్ధతి అదే.

ఎద్దుకి ముందుపళ్ళు కింది దవడకే ఉంటాయి, మొత్తం ఎనిమిది. సుమారు రెండేళ్ళు దాటాక నడిమి పాలపళ్ళు రెండూ ఊడి పెద్ద పళ్ళు మొలుస్తాయి. తర్వాత ఒక్కో జతా మారుతూ నాలుగైదేళ్ళకి నోరు నిండుతుంది. పుట్టిన తేదీ ఎవరూ రాసిపెట్టని జీవికి ఇంతకంటే నమ్మకమైన సర్టిఫికెట్ లేదు. కింది పెదవి దించి చూస్తే చాలు. విభాగం పెరిగేకొద్దీ బండ బరువు పెరుగుతుంది. ఒకే విభాగంలో మాత్రం అందరికీ అదే బండ, అదే సమయం. గడువులోపల ఎవరి జత ఎక్కువ అడుగులు లాగితే వాళ్ళదే గెలుపు. ఈడుకి ఈడు, జోడుకి జోడు. ఆ తర్వాత బలమున్నది గెలుస్తుంది, దానికి ఎవరూ అడ్డుపడరు.

ఇదే చిక్కుని పూల్ ఆట ఇంకో దారిలో విప్పింది. ఆఫీసులో పూల్ టేబుల్ దగ్గర మేం ఆడుకునే చిన్న లీగ్ కోసం రూల్స్ వెతుకుతుంటే అమెరికన్ పూల్‌ప్లేయర్స్ అసోసియేషన్ లెక్కలు నా కంటపడ్డాయి. టెర్రీ బెల్, ల్యారీ హబ్బర్ట్ అనే ఇద్దరు ప్రొఫెషనల్ ఆటగాళ్ళు మొదలుపెట్టిన సంస్థ అది. వాళ్ళ ఎయిట్‌బాల్‌లో ప్రతి ఆటగాడికీ రెండు నుంచి ఏడు దాకా ఒక స్థాయి ఇస్తారు. ఏడో స్థాయివాడు రెండో స్థాయివాడితో తలపడితే అతను ఏడు గేములు గెలవాలి, ఇతనికి రెండు చాలు. అంటే వీళ్ళు విడదీయరు. ఏనుగునీ గుర్రాన్నీ ఒకే బరిలోకి దించి, ఏనుగు దారిని పొడుగు చేస్తారు. దీన్నే హ్యాండిక్యాప్ అంటారు.

ఈ మాట చరిత్ర మన తెలుగు వాడుకకి తలకిందులుగా ఉంటుంది. మొదట్లో అది వస్తువులు మార్చుకునే ఒక ఆట. రెండు వస్తువుల మధ్య తేడాకి ఎంత డబ్బు కలపాలో మధ్యవర్తి చెబుతాడు, ఇద్దరూ టోపీలో చెయ్యి పెట్టి సమ్మతో కాదో తెలియజేస్తారు. శామ్యూల్ పీప్స్ 1660లోనే తన డైరీలో ఈ ఆట ప్రస్తావన చేశాడు. అక్కణ్ణించి మాట గుర్రప్పందేలకి పోయింది. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులో అడ్మిరల్ రౌస్, గుర్రం వయసుని బట్టి ఎంత బరువు మోయాలో పట్టిక కట్టాడు. మన మలక్‌పేట రేసుల్లో ఇప్పటికీ మంచి గుర్రం మీద ఎక్కువ బరువు పెట్టే హ్యాండిక్యాప్ పందేలు జరుగుతాయి. అంటే హ్యాండిక్యాప్ బలవంతుడి వీపు మీద పెట్టే బరువు. అదే మాట తర్వాత బలహీనుడి పేరైపోయింది, మన ఆఫీసు కాగితాల దాకా వచ్చి కూర్చుంది.

బరువు మోయాల్సి వస్తే మనిషి ఏం చేస్తాడు? తక్కువ బలం ఉన్నట్టు నటిస్తాడు. పూల్ లీగుల్లో దీన్ని శాండ్‌బ్యాగింగ్ అంటారు. లెక్కలోకి రాని రోజు కావాలని తప్పు షాట్ కొట్టి, స్థాయి తగ్గించుకుని, టోర్నమెంట్ రోజు అసలు చెయ్యి చూపించడం. పైగా జట్టులో ఆడే ఐదుగురి స్థాయిల మొత్తం ఇరవైమూడు దాటకూడదని నియమం ఉంది కాబట్టి, ఒక్కడు స్థాయి దాచుకుంటే జట్టంతా లాభపడుతుంది. దానికి విరుగుడుగా గత ఇరవై మ్యాచుల్లో బాగా ఆడిన పదిటినే స్థాయి లెక్కకి తీసుకుంటారు, చెత్తగా ఆడినవి పక్కకి పోతాయి. బంతి వెయ్యకుండా కావాలని ఆడే సేఫ్టీ షాట్లనీ విడిగా గుర్తుపెడతారు. రూల్స్ పుస్తకం సగం, మనుషుల నటన మీద అపనమ్మకమే.

ఎద్దు నటించదు. పళ్ళు దాచుకోలేదు. అందుకే మా పద్ధతే గొప్పదనుకోవాలని మనసుకి ఉంటుంది. కానీ పళ్ళు వయసు చెబుతాయి, మేత చెప్పవు. నాలుగు పళ్ళ విభాగంలో ఒకవైపు ఉలవలు, తవుడు తిని పోటీకోసమే పెరిగి, లక్షల్లో ధర పలికే ఒంగోలు జత. ఇంకోవైపు నిన్నటిదాకా మడక దున్ని వచ్చిన జత. పళ్ళు సమానమే, వెనకున్న సంపాదన సమానం కాదు. దీన్ని సరిచేయడానికే కొన్నిచోట్ల సేద్యపు ఎద్దులకి వేరే విభాగం పెట్టారు. ఇప్పుడు ట్రాక్టరు ఇంటింటికీ వచ్చింది, సేద్యపు ఎద్దు అంటే ఏదో తేల్చడం కష్టమైంది. రెండు రోజులు కాడి కడితే సేద్యపుదేనా? పళ్ళకి దొరకని శాండ్‌బ్యాగింగ్ ఇక్కడ మళ్ళీ దొడ్డిదారిన వస్తుంది. నటించేది ఎద్దు కాదు, యజమాని.

ఏ పద్ధతీ అన్ని తేడాలనీ చెరపదు. ఏ తేడాని వదిలెయ్యాలో, ఏ తేడాకి కట్టడి పెట్టాలో పోటీ పెట్టేవాళ్ళు తేల్చుకోవాలి. గెలిచే అవకాశం బొత్తిగా లేకపోతే బలహీనుడు వచ్చే ఏడు రాడు, పాల్గొనేవాళ్ళు పదిమందికి తగ్గిపోతే పోటీయే ఉండదు. పూల్ లీగు లెక్కలు పుట్టింది ఈ భయంలోంచే. మా ఊళ్ళల్లో చిన్నరైతు జత రావడం మానేస్తే మిగిలేది నలుగురు మోతుబరుల ప్రదర్శన.

పోటీలో ఏ జత ఎన్ని అడుగులు లాగిందో మైకులో ఎలాగూ చదువుతారు. దాన్నే ఒక నోటుపుస్తకంలో ఎక్కిస్తే సగం పని అయినట్టే. ఒక ఏడు సేద్యపు విభాగంలో మొదటి బహుమతి కొట్టిన జతని మరుసటి ఏడు పై విభాగంలోకి పంపాలి. పళ్ళు చూసే చేత్తోనే ఆ పుస్తకం కూడా తిరగేస్తే, మడక దున్నే ఎద్దు కోసం పెట్టిన ప్రైజు దాని ఇంటికే చేరుతుంది.