హ్రస్వదృష్టి - ఆంధ్ర ప్రదేశ్ పరిశోధనలు

హ్రస్వదృష్టి అనగా దగ్గరి వస్తువులు స్పష్టంగాను, దూరపు వస్తువులు మసకగాను కనిపించే దృష్టిలోపము. వాడుకలో దీనిని "సైటు" అని, కళ్ళద్దాల అంకెను బట్టి "మైనస్ పవర్" అని అంటారు. కనుగుడ్డు ముందు నుండి వెనుకకు ఉండవలసిన దానికంటే పొడవుగా పెరిగినపుడు, దూరం నుండి వచ్చే కాంతికిరణాలు రెటీనా మీద కాక దానికి ముందే కేంద్రీకరింపబడతాయి. ఈ లోపం సాధారణంగా బడి వయసులో మొదలై, శరీరపు ఎదుగుదల ఆగేవరకు ఎక్కువవుతూ ఉంటుంది. నగరాలలో దీని సమస్య వేరు, మార్కాపురం, గిద్దలూరు వంటి పశ్చిమ ప్రకాశం మెట్ట ప్రాంతాల సమస్య వేరు. నగరాలలో లోపం ఉన్న పిల్లల సంఖ్య వేగంగా పెరుగుతున్నది. మెట్ట పల్లెలలో లోపం కొద్దిమందికే ఉన్నా, దానిని గుర్తించి అద్దాలు ఇచ్చేవారు లేకపోవడమే పెద్ద చిక్కు. తెలుగునాట జరిగిన పరిశోధనలు ఈ రెండవ విషయాన్ని అంకెలతో చూపాయి.

పలక, నల్లబల్ల

మార్కాపురం రాతిపలకలకు పేరుపొందిన ఊరు. తెలుగు పిల్లలు తరతరాలుగా ఇక్కడి పలకల మీదనే అక్షరాలు దిద్దారు. హ్రస్వదృష్టి గల పిల్లవానికి ఒళ్ళోని పలక చక్కగా కనిపిస్తుంది, గోడ మీది నల్లబల్ల కనిపించదు. ఇంటిలో పుస్తకం బాగానే చదువుతాడు కనుక తల్లిదండ్రులకు అనుమానం రాదు. బడిలో పక్కవాని పుస్తకం చూసి వ్రాసుకుంటాడు, అడిగితే చెప్పలేడు, చివరకు మొద్దు అని పేరు పడుతుంది. పుట్టినది మొదలు లోకాన్ని మసకగానే చూసినవానికి ఇతరులకు వేరుగా కనిపిస్తుందని తెలియదు. అందువలన పిల్లలు తమంతట తాము చూపు గురించి చెప్పడం అరుదు, ఎవరైనా పరీక్షించవలసినదే.

మహబూబ్ నగర్ సర్వే

హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996 నుండి 2000 వరకు ఆంధ్ర ప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనాన్ని నిర్వహించింది. హైదరాబాదు నగరంలోను, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్ నగర్ జిల్లాల పల్లెలలోను కలిపి 10,293 మందిని పరీక్షించారు. ఆ తరువాత కేవలం పిల్లల కోసం మహబూబ్ నగర్ జిల్లాలో మరొక సర్వే జరిపి ఫలితాలను 2002లో ప్రచురించారు. అప్పటి మహబూబ్ నగర్, ప్రకాశం జిల్లాకు ఉత్తరాన ఉన్న పొరుగు జిల్లా. నల్లమల అడవి, వానాధార సేద్యం రెండింటికీ ఉమ్మడి. కనుక పశ్చిమ ప్రకాశం పరిస్థితిని ఊహించడానికి కోస్తా అంకెల కంటే ఈ సర్వే దగ్గరగా ఉంటుంది.

7 నుండి 15 ఏళ్ళ వయసు గల పిల్లలను వారి ఊళ్ళలోనే, కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేసి పరీక్షించారు. ఈ చుక్కలు వేయకపోతే పిల్లల కంటి కండరం బిగుసుకొని, లేని మైనస్ పవర్ ఉన్నట్లు చూపుతుంది. ఒక కంటిలోనైనా హ్రస్వదృష్టి ఉన్నవారు 4.1 శాతమని తేలింది. అదే పద్ధతిలో ఢిల్లీ నగరంలో జరిపిన సర్వేలో ఇది 7.4 శాతము. బాలికలలోను, ఎక్కువ చదువుకున్న తండ్రి గల పిల్లలలోను లోపం అధికంగా కనిపించింది.

ఈ సర్వేలో అన్నిటికంటే ముఖ్యమైన అంకెలు మూడు. మెరుగైన కంటిలో కూడా చూపు 20/40 లేదా అంతకు తక్కువగా ఉన్న పిల్లలు, అద్దాలు లేకుండా చూస్తే 2.7 శాతము. వారు అప్పటికే వాడుతున్న అద్దాలతో చూస్తే 2.6 శాతము. సరియైన అద్దాలు పెట్టి చూస్తే 0.78 శాతము. మొదటి రెండు అంకెల మధ్య తేడా దాదాపు లేదు, అనగా అవసరమైన పిల్లల దగ్గర అద్దాలే లేవు. రెండవ, మూడవ అంకెల మధ్య తేడా ఒక జత అద్దాలతో తీరిపోయే లోపము. మందులు, శస్త్రచికిత్సల గురించి ఎంత చర్చ జరిగినా పల్లెలకు సంబంధించినంత వరకు అసలు విషయం ఇక్కడే ఉన్నది.

కారణాలు

తల్లిదండ్రులకు హ్రస్వదృష్టి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ. కాని వంశపారంపర్యం ఒక్కటే కారణమైతే రెండు మూడు దశాబ్దాలలో సంఖ్య ఇన్ని రెట్లు కారాదు. 1977లో వీసెల్, రావియోలా అనే శాస్త్రవేత్తలు పసి కోతుల కనురెప్పలను కుట్టివేసి, స్పష్టమైన బింబం అందని కన్ను పొడవుగా పెరుగుతుందని చూపారు. కోడిపిల్లలలోను ఇదే కనిపించింది. కంటి ఎదుగుదలను కంటికి కనిపించే దృశ్యమే నడిపిస్తుందని దీనివలన తెలిసింది.

ఆరుబయట గడిపే సమయం మీద తరువాత దృష్టి పడింది. 2008లో సిడ్నీ పిల్లల అధ్యయనం ఎక్కువసేపు బయట ఉండే పిల్లలలో లోపం తక్కువని తెలిపింది. చైనాలోని గ్వాంగ్‌జౌలో కొన్ని బడులలో రోజుకు 40 నిమిషాలు అదనంగా బయట గడిపించగా, మూడేళ్ళలో కొత్తగా లోపం వచ్చినవారు 30.4 శాతం ఉన్నారు. మిగిలిన బడులలో వీరు 39.5 శాతము (2015). ఎండ వెలుగులో రెటీనా నుండి డోపమైన్ విడుదలై కనుగుడ్డు పొడవును అదుపు చేస్తుందన్నది ప్రబలమైన వాదన. అయితే ఒకసారి సైటు వచ్చిన తరువాత దాని పెరుగుదలను ఆపడంలో ఎండ ప్రభావం అంత బలమైనది కాదు.

ఎల్.వి. ప్రసాద్ సంస్థ పరిశోధకులు 2021లో భారతీయ సర్వేలను క్రోడీకరించారు. దీని ప్రకారం 5-15 ఏళ్ళ నగర బాలలలో హ్రస్వదృష్టి 1999లో 4.44 శాతం కాగా 2019 నాటికి 21.15 శాతానికి చేరింది. ఇదే పోకడ సాగితే 2050లో 48 శాతం కాగలదని అంచనా. పొలం గట్ల మీద తిరిగే బాల్యం పోయి, తెల్లవారుజామున స్టడీ అవర్‌తో మొదలయ్యే హాస్టల్ చదువు వచ్చిన చోటల్లా ఈ అంచనాను పట్టించుకోవలసి ఉన్నది.

చికిత్స

పుటాకార కటకాలు గల కళ్ళద్దాలే ప్రథమ చికిత్స. అద్దాలు పెడితే సైటు పెరుగుతుందని, అందుకే తక్కువ పవర్ ఇవ్వాలని ఒక నమ్మకం ఉన్నది. మలేషియాలో జరిపి 2002లో ప్రచురించిన పరిశోధనలో తక్కువ పవర్ అద్దాలు వాడిన పిల్లలకే సైటు వేగంగా పెరిగింది. ఆకుకూరలు, కారెట్ కంటికి మంచివే కాని పొడవైన కనుగుడ్డును పొట్టి చేయలేవు.

సైటు పెరగకుండా అట్రోపిన్ చుక్కలు వాడడంపై సింగపూరులో విస్తృతంగా పరిశోధించారు. 2006లో ప్రచురించిన పరీక్షలో 1 శాతం చుక్కలు బాగా పనిచేశాయి. కాని వెలుతురు చూడలేకపోవడం, దగ్గరి అక్షరాలు మసకబారడం వంటి ఇబ్బందులు కలిగాయి, ఆపగానే సైటు తిరిగి పెరిగింది. తరువాత బాగా పలుచని మందును పరీక్షించారు. 2019లో హాంకాంగ్ పరిశోధనలో 0.05 శాతం చుక్కలు, 0.01 శాతం కంటే మెరుగని తేలింది. 0.01 శాతం చుక్కలు భారతీయ పిల్లలలో పనిచేసినట్లు 2021లో ప్రకటించగా, 2023లో అమెరికా పరీక్షలో ప్రయోజనం కనిపించలేదు. ఈ తేడాకు కారణంపై ఏకాభిప్రాయం లేదు. పెరుగుదలను నెమ్మదింపజేసే ప్రత్యేక కటకాలు 2020లో హాంకాంగ్ పరీక్షలో రెండేళ్ళలో సుమారు సగం ఫలితం చూపాయి, అయితే వీటి ధర సాధారణ అద్దాల కంటే చాలా ఎక్కువ. లేసిక్ శస్త్రచికిత్స అద్దాలను తీసివేస్తుంది కాని కన్ను పొడవుగానే ఉంటుంది. కనుక మైనస్ 6 దాటినవారికి రెటీనా ఊడిపోయే ప్రమాదం అలాగే ఉంటుంది.

పశ్చిమ ప్రకాశంలో సేవలు

ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడినపుడు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లా నుండి వచ్చి చేరాయి. ఆ జిల్లా కేంద్రమైన ఒంగోలు ఇక్కడికి దూరము. సొంత జిల్లాలోనే వైద్యం దూరమైన ఇటువంటి చోట్ల కోసమే ఎల్.వి. ప్రసాద్ సంస్థ పిరమిడ్ పద్ధతిని రూపొందించింది. అడుగున సుమారు 50,000 జనాభాకు ఒక దృష్టి కేంద్రం, దాని పైన సుమారు 5 లక్షల మందికి ఒక ద్వితీయ స్థాయి ఆసుపత్రి ఉంటాయి. మార్కాపురంలోని కేంద్రం ఈ రెండవ కోవకు చెందినది. దృష్టి కేంద్రంలో స్థానికంగా శిక్షణ పొందిన సాంకేతికులు చూపు పరీక్షించి అద్దాలు ఇస్తారు.

2019 అక్టోబరు 10న అప్పటి రాష్ట్రప్రభుత్వం ప్రారంభించిన కంటి వెలుగు పథకపు తొలి దశలను బడిపిల్లలకే కేటాయించారు. బడిలో మొదటి పరీక్షకు పెద్ద పరికరాలు అక్కరలేదు. ఆరు మీటర్ల దూరంలో అక్షరాల పటం ఉంచి, ఒక్కొక్క కన్ను మూసి చదివిస్తే ఉపాధ్యాయుడే లోపాన్ని అనుమానించగలడు. ఎదిగే పిల్లల పవర్ మారుతూ ఉంటుంది, అద్దాలు విరుగుతూ ఉంటాయి. అందువలన ఈ పరీక్షను ఏటా, బడి తెరిచిన కొద్దివారాలలోనే జరపాలి.