పడికట్టు రాయి నుంచి కెటిల్‌బెల్ దాకా: ఇంటి వ్యాయామం చరిత్ర

ఇంట్లో వ్యాయామం మొదలుపెట్టడం తేలిక. మూడో వారంలో కూడా దాన్ని సాగించడమే కష్టం. దూరవిద్యలో చదువుతున్న మీకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ఎదురుగా అధ్యాపకుడు ఉండడు, గంట కొట్టేవారు ఉండరు, పుస్తకం తెరిచే వేళకే ఇంట్లో ఏదో పని తగులుతుంది. చదువుకూ వ్యాయామానికీ ఉన్న ఈ పోలిక యాదృచ్ఛికం కాదు. 19వ శతాబ్దంలో ఐరోపాలో ఈ రెండూ తపాలా ద్వారానే ఇళ్లలోకి ప్రవేశించాయి. 1840లో ఐజక్ పిట్‌మన్ ఇంగ్లండులో షార్ట్‌హ్యాండ్ పాఠాలను తపాలాలో నేర్పడం గురించి మీరు చదివే ఉంటారు. ఆ శతాబ్దం ముగిసేలోగా కండలు పెంచే విద్య కూడా అదే దారి పట్టింది. గురువు పక్కన లేనప్పుడు సాధకుణ్ణి నిలబెట్టినది ఏది అన్న ప్రశ్నను దృష్టిలో పెట్టుకుని ఈ భాగాన్ని చదవండి.

అంతకుముందు వ్యాయామం ఇంటి విషయం కాదు. మన తాలింఖానాలో ఉస్తాదు ఉండేవాడు, తోటివారు ఉండేవారు. దండేలు, బస్కీలు, గద తిప్పడం అన్నీ నలుగురి మధ్య జరిగేవి. ఒకరోజు రాకపోతే మర్నాడు అడిగేవారుండేవారు. ఉత్తరాంధ్ర ఊళ్లలో జాతరలకూ పండుగలకూ సంగిడి రాయి ఎత్తే పోటీ కూడా జనం మధ్య జరిగేదే. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో వ్యాయామం నేర్పిన కోడి రామ్మూర్తి నాయుడి బలాన్ని జనం సర్కస్ డేరాలో చూశారు. ఇలాంటి చోట క్రమశిక్షణ బయటినుంచి వచ్చేది. మనిషి తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాక ఆ పని ఇంకేదో చేయాలి.

జర్మనీలో పుట్టి లండన్‌లో స్థిరపడిన యూజెన్ సాండో (1867–1925) ఈ అవసరాన్ని ముందుగా పసిగట్టాడు. వేదికమీద కండలు చూపించి పేరు తెచ్చుకున్న సాండో, 1897లో వెలువడిన తన పుస్తకంలో ఏ వయసువారు ఎంత బరువుతో ఎన్నిసార్లు చేయాలో పట్టికలుగా ఇచ్చాడు. తపాలా ద్వారా శిక్షణ కూడా నడిపాడు. విద్యార్థి తన ఎత్తు, బరువు, ఛాతీ, చేతుల కొలతలు రాసి పంపితే అతనికి తగిన పాఠం వచ్చేది. సాండో వ్యాపారి అని ఇక్కడ మరచిపోకూడదు. డంబెల్స్, రబ్బరు పరికరాలు తన పేరుమీదే అమ్మాడు. కాబట్టి శిష్యుల ఫొటోలను, వారి ప్రశంసలను చరిత్రకు ఆధారంగా తీసుకునేటప్పుడు వాటిని ప్రకటనలుగా కూడా చదవాలి. అయినా ఆ కొలతల ఫారం చిన్న విషయం కాదు. ఉస్తాదు కన్ను చేసే పనిని అది కాగితానికి అప్పగించింది.

సాండో ప్రభావం మన దేశానికీ చేరింది. ఇప్పటి సతారా జిల్లాలోని ఔంధ్ సంస్థానాన్ని పాలించిన భవాన్‌రావు పంత్ ప్రతినిధి 1897లో సాండో పుస్తకాలు, పరికరాలు తెప్పించుకుని పదేళ్లపాటు విడవకుండా సాధన చేశాడు. తరువాత సూర్యనమస్కారాలవైపు మళ్లి, 1928లో వాటిమీద పుస్తకం రాశాడు. సూర్యనమస్కారాలకు పరికరం అక్కర్లేదు, చాపంత చోటు చాలు. డెన్మార్క్‌కు చెందిన జె.పి. ముల్లర్ 1904లో ప్రచురించిన ‘నా పద్ధతి’ది కూడా ఇదే తీరు. రోజుకు 15 నిమిషాలు చాలు, పరికరాలు వద్దన్నది అతని మాట. ప్రాగ్ నగరంలో రచయిత కాఫ్కా ఏళ్ల తరబడి ఈ పద్ధతినే పాటించాడు. రాజుగారికి తీరిక ఉంది, ఆయన సంగతి వేరు. కానీ బీమా కార్యాలయంలో ఉద్యోగం చేస్తూ రాత్రిళ్లు కథలు రాసుకునే మనిషికి ఆ 15 నిమిషాల హద్దు ఎంత ఉపయోగపడిందో ఆలోచించండి.

1950ల చివర కెనడా వైమానిక దళం కోసం బిల్ ఆర్బన్ తయారుచేసిన 5బీఎక్స్ ఈ ఆలోచనను ఇంకా బిగించింది. జిమ్ లేని మారుమూల స్థావరాల్లోని సిబ్బంది కోసం రూపొందిన పథకమిది. అయిదు కసరత్తులు, 11 నిమిషాలు, ఒక పట్టిక. ఒక మెట్టులో చెప్పిన లెక్కను ఆ 11 నిమిషాల్లో పూర్తిచేయగలిగితేనే పై మెట్టుకు వెళ్లాలి. స్త్రీల కోసం వచ్చిన ఎక్స్‌బీఎక్స్‌లో 10 కసరత్తులు, 12 నిమిషాలు. ఉత్సాహం ఎక్కువైనవాణ్ణి ఆపడం, తక్కువైనవాణ్ణి నడిపించడం రెండూ పట్టికే చూసుకుంది.

ఇక కెటిల్‌బెల్. రష్యన్‌లో దీని పేరు గిర్యా. నిజానికి అది వ్యాయామ పరికరం కాదు, సంతలో ధాన్యం తూచే పడికట్టు రాయి. పట్టుకోవడానికి వీలుగా పైన పిడి ఉన్న ఇనుప గుండు. రష్యా తూనికల్లో ఒక పూడ్ అంటే సుమారు 16.38 కిలోలు. మన మణుగు ఎనిమిది వీశెలు, అంటే 11 కిలోలకు కాస్త పైన. తూకం లేని వేళ సంతలో బలం చూపుకోవడానికి కుర్రవాళ్ల చేతికి అందినది ఆ ఇనుప గుండే. దాన్ని వ్యాయామశాలకు తెచ్చినవారిలో ముఖ్యుడు సెయింట్ పీటర్స్‌బర్గ్ వైద్యుడు వ్లాదిస్లావ్ క్రాయెవ్‌స్కీ. 1885లో తన ఇంట్లోనే బరువులెత్తే ఔత్సాహికుల బృందాన్ని ఏర్పరిచాడు. వచ్చినవారిని పరీక్షించి, తూచి, కొలిచేవారని అక్కడ శిక్షణ పొందిన మల్లయోధుడు జార్జ్ హాకెన్‌ష్మిట్ రాశాడు. తూచడానికి పుట్టిన ఇనుము పక్కనే మనిషిని కూడా తూచారన్నమాట.

1918లో సోవియట్ ప్రభుత్వం మెట్రిక్ కొలతలను నిర్ణయించాక పూడ్ అంగళ్లనుంచి క్రమంగా తప్పుకుంది. గిర్యాలో మాత్రం నిలిచింది. నేటికీ పోటీ బరువులు 16, 24, 32 కిలోలు, అంటే ఒకటి, ఒకటిన్నర, రెండు పూడ్‌లు. 1985లో లిపెత్స్క్‌లో మొదటి సోవియట్ జాతీయ పోటీలు జరిగాయి. ఈ క్రీడలో గెలుపు ఒకేసారి ఎంత పెద్ద బరువు ఎత్తారన్నదానిమీద ఆధారపడదు. 10 నిమిషాలపాటు బరువు కింద పెట్టకుండా ఎన్నిసార్లు ఎత్తారన్నదే లెక్క. సర్కస్ డేరాలో చూపే బలానికి ఇది పూర్తిగా వేరు. ఇంటికి అనువైనది కూడా ఇదే.

2001లో బెలారూస్ నుంచి వలస వెళ్లిన పావెల్ త్సత్సూలిన్ ప్రోద్బలంతో అమెరికాలో రష్యన్ తరహా కెటిల్‌బెల్స్ తయారీ మొదలైంది. 2020 లాక్‌డౌన్‌లో జిమ్‌లు మూతపడితే అక్కడి దుకాణాల్లో అవి దొరకలేదు. మన దేశంలో మార్చిలో మూసిన జిమ్‌లకు ఆగస్టు 5 దాకా అనుమతి రాలేదు. గిర్యా వయసెంతో తెలియకుండానే చాలామంది ఆ ఏడాది దాన్ని ఇంటికి తెచ్చుకున్నారు.

మీరు ఇప్పటికే ఇంట్లో సూర్యనమస్కారాలో, దండేలు బస్కీలో చేస్తున్నారనుకుందాం. కెటిల్‌బెల్ తెచ్చిన రోజున పాత క్రమాన్ని తీసిపారేయడం మామూలుగా జరిగే పొరపాటు. కొత్త మోజు తగ్గాక చేతిలో రెండూ ఉండవు. పాతదాన్ని అలాగే ఉంచి, వారంలో రెండు మూడు రోజులు చివర 10 నిమిషాలు దీనికివ్వండి. మగవారు సాధారణంగా 16 కిలోలతో, స్త్రీలు 8 కిలోలతో మొదలుపెడతారు. అలవాటు లేనివారు ఇంకా తక్కువతో మొదలుపెట్టినా తప్పులేదు. స్వింగ్‌లో బరువును ఊపేది చేతులు కావు, నడుము కింది భాగం. వీపు వంకర పోకూడదు. నడుము నొప్పి, గుండె జబ్బు ఉన్నవారు, గర్భిణులు ముందు వైద్యుణ్ణి అడగాలి. 16 నుంచి 24కు వెళ్లడమంటే సగం బరువు ఒక్కసారిగా పెరగడం. అందుకే పాతకాలపు సాధకులు బరువు మార్చే ముందు అదే బరువుతో సంఖ్యను నెలల తరబడి పెంచేవారు. ఆ సంఖ్యను తేదీతో సహా ఒక నోటు పుస్తకంలో రాయండి, చేయని రోజున సున్నా కూడా రాయండి.

ఈ భాగానికి అభ్యాసం: మీ ఊళ్లో లేదా చుట్టుపక్కల తాలింఖానా గాని, సంగిడి రాయి గాని ఉండేదేమో పెద్దవారిని అడగండి. రాయి ఇంకా ఉంటే దాని బరువు, ఎత్తిన విధానం, చివరిసారి ఎప్పుడు ఎత్తారో రెండు పేజీలకు మించకుండా రాసి, మీ అధ్యయన కేంద్రంలో జరిగే తరగతికి తీసుకురండి.