ట్రాన్స్‌ఫార్మర్‌ను వదిలించుకున్న యాంప్లిఫయర్

వాల్వు యాంప్లిఫయర్‌లో బాగా బరువైనదీ, సరిగ్గా చేయాలంటే అన్నిటికన్నా ఖర్చయ్యేదీ వాల్వు కాదు, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. వాల్వు ఎక్కువ వోల్టేజీని, తక్కువ కరెంటును ఇస్తుంది. స్పీకరుకు కావలసింది దీనికి తలకిందులు. ఈఎల్84 వంటి చిన్న పవర్ వాల్వు దాదాపు 5,000 ఓమ్‌ల లోడు ఉంటేనే హాయిగా పనిచేస్తుంది; స్పీకరు కాయిల్ మాత్రం 8 ఓమ్‌ల దగ్గరే ఆగిపోతుంది. ఈ రెంటినీ కలపడానికి ఒకవైపు 25 చుట్లకు రెండోవైపు ఒక చుట్టు చొప్పున రాగితీగ చుట్టిన ఇనుప ముద్ద మధ్యలో ఉండాలి. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ 1961 నుంచి రేడియో వాల్వులు తయారుచేసింది. ఆ రోజుల్లో స్విచ్చి వేశాక కాసేపు వేడెక్కితే గానీ పలకని ఇంటి రేడియోల్లోనూ ఈ ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది. వార్తలకూ నాటకాలకూ నాసిరకందైనా సరిపోయేది. సంగీతాన్ని ఉన్నదున్నట్టు వినిపించాలంటే మాత్రం మంద్రస్వరాలకు బోలెడంత ఇనుము, తారస్వరాలకు పొరలు పొరలుగా చుట్టిన తీగ కావాలి. ధర అక్కడే పెరుగుతుంది. సామాన్యుడు కొనగలిగిన వాల్వు హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ చరిత్ర అంతా ఈ ముద్ద అవసరం తప్పిన చరిత్రే. అది తప్పడానికి కారణం హెడ్‌ఫోన్‌లో ఉంది.

హెడ్‌ఫోన్ ఇంపీడెన్స్, అంటే సిగ్నల్ కరెంటుకు అది చూపే ఓమ్‌ల అడ్డు, మొదటినుంచీ ఎక్కువే. ఫ్లెమింగ్ 1904లో రెండు ఎలక్ట్రోడ్ల వాల్వును, డి ఫారెస్ట్ 1906లో మూడు ఎలక్ట్రోడ్ల ఆడియన్‌ను తెచ్చిన కాలానికి రేడియో వినడమంటే చెవికి రిసీవరు తగిలించుకోవడమే. అప్పటి క్రిస్టల్ సెట్ రేడియోలో బ్యాటరీ లేదు. ఏరియల్ మోసుకొచ్చిన కాస్త శక్తితోనే రేకు కదలాలి. అంత తక్కువ కరెంటుతో అయస్కాంతాన్ని ప్రభావితం చేయాలంటే వెంట్రుకలాంటి తీగను వేల చుట్లు చుట్టాలి. అందుకే ఆనాటి జతలు 2,000 ఓమ్‌ల ప్రాంతంలో ఉండేవి. 1910లో యూటా రాష్ట్రానికి చెందిన నథానియేల్ బాల్డ్విన్ తన వంటింటి బల్ల మీద చేసిన హెడ్‌సెట్‌ను అమెరికా నౌకాదళానికి పంపాడు. అది అంతకుముందున్న వాటికన్నా ఎంతో సున్నితంగా పలికింది.

కాయిల్ కదిలే డైనమిక్ హెడ్‌ఫోన్ 1937లో బెర్లిన్‌లో పుట్టింది. ఆయిగెన్ బేయర్ సంస్థ తెచ్చిన ఆ డీటీ 48 దశాబ్దాల పాటు తయారీలో ఉంది. యుద్ధం తర్వాత హెడ్‌ఫోన్‌కు పెద్ద కొనుగోలుదారు రేడియో స్టూడియో. స్టూడియో అలవాట్లు టెలిఫోన్ నుంచి వచ్చాయి. టెలిఫోన్ లైనుకు 600 ఓమ్‌లు ప్రమాణం. 600 ఓమ్‌లలో ఒక మిల్లీవాట్ శక్తి పుట్టించే 0.775 వోల్టులే నేటికీ ధ్వని కొలతల్లో ఒక మూలబిందువు. వియన్నాకు చెందిన ఏకేజీ 1970ల్లో కే240ని 600 ఓమ్‌లతో తెచ్చిందంటే వెనుక ఈ సంప్రదాయం ఉంది. సౌకర్యమూ ఉంది: ఒకే యాంప్లిఫయర్‌కు అరడజను హెడ్‌ఫోన్‌లను సమాంతరంగా తగిలించినా దాని మీద భారం పెద్దగా పడదు.

ఇంట్లో వినేవారి దగ్గరికి ఈ అలవాటును చేర్చింది జర్మనీయే. సెన్‌హైజర్ 1968లో తెచ్చిన హెచ్‌డీ 414, పసుపుపచ్చ స్పాంజి దిండ్లతో, వెనుకవైపు తెరిచి ఉన్న నిర్మాణంతో కోటికి పైగా అమ్ముడైంది. దాని ఇంపీడెన్స్ 2,000 ఓమ్‌లు. నేటి ఫోనుకు తగిలిస్తే గుసగుసలాడినట్టు వినిపిస్తుంది. ఆనాటి స్టీరియో రిసీవర్లలో హెడ్‌ఫోన్‌కు వేరే యాంప్లిఫయర్ ఉండేది కాదు. స్పీకరుకు వెళ్లే సిగ్నల్‌నే వందల ఓమ్‌ల రెసిస్టరు గుండా జాక్‌కు పంపేవారు. వోల్టేజీకి కొదవ లేదు కాబట్టి ఎక్కువ ఓమ్‌ల హెడ్‌ఫోన్ దానికి చక్కగా నప్పేది. అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1996 నాటి ప్రమాణంలోనూ హెడ్‌ఫోన్‌ను నడిపే పరికరం అంతర్గత ఇంపీడెన్స్ 120 ఓమ్‌లని ఉంది. ఈ అంకె మళ్లీ అక్కరకొస్తుంది.

1979లో సోనీ వాక్‌మన్ వచ్చి దారిని చీల్చింది. రెండు చిన్న బ్యాటరీలు ఇచ్చే 3 వోల్టులతో నడిచే యంత్రానికి వోల్టేజీయే కరవు. దాని కోసం చేసిన హెడ్‌ఫోన్‌లు 32 ఓమ్‌ల స్థాయికి దిగివచ్చాయి. 300, 600 ఓమ్‌ల జాతి ఇంటికీ స్టూడియోకీ పరిమితమైంది. బేయర్‌డైనమిక్ మాత్రం డీటీ 880, డీటీ 990 మోడళ్లను 32, 250, 600 ఓమ్‌లుగా మూడు రకాలా అమ్ముతూ వచ్చింది.

ఇక సర్క్యూట్ సంగతి. వాల్వు నుంచి సిగ్నల్‌ను ఆనోడ్ దగ్గర కాక కేథోడ్ దగ్గర తీసుకుంటే వోల్టేజీ పెరగదు గానీ ఔట్‌పుట్ ఇంపీడెన్స్ బాగా తగ్గిపోతుంది. దీన్ని కేథోడ్ ఫాలోయర్ అంటారు. స్టీరియో రికార్డింగుకు ఆద్యుడైన ఆలన్ బ్లమ్‌లైన్ 1934లో దీనికి పేటెంటు కోరాడు. ఆయన పనిచేసిన ఈఎంఐలోనే ఎరిక్ వైట్ ఒకదాని మీద ఒకటిగా రెండు వాల్వులు పెట్టి ఇంపీడెన్స్‌ను ఇంకా దించాడు. వీరి ధ్యాసంతా టెలివిజన్ మీద. ధ్వనికి ఈ దారి వాడి ట్రాన్స్‌ఫార్మర్‌ను తీసేయాలన్న పట్టుదల న్యూయార్క్ ఇంజినీరు జూలియస్ ఫుటర్‌మన్‌ది. 1950ల్లో ఆయన పేటెంటు పొందిన యాంప్లిఫయర్ నేరుగా స్పీకరును నడిపింది. అందుకు పెద్ద వాల్వుల మంద కావలసి వచ్చింది, వేడి కూడా ఆ మేరకే. యూరప్‌లో ఫిలిప్స్ సమస్యను రెండో కొస నుంచి పట్టుకుంది. స్పీకరునే 800 ఓమ్‌లతో చుట్టి, దానికి తగ్గట్టు ఈఎల్86 వాల్వును తయారుచేసి, ట్రాన్స్‌ఫార్మర్ లేని రేడియోలు అమ్మింది. తెలివైన పనే గానీ ట్రాన్సిస్టర్ల ముందు నిలవలేదు. ఫిలిప్స్ కష్టపడి చేయించిన ఎక్కువ ఓమ్‌ల లోడు హెడ్‌ఫోన్‌లో అడగకుండానే సిద్ధంగా ఉందని అప్పట్లో ఎవరికీ పెద్దగా పట్టలేదు.

ఆ లోడుకు సరిజోడు వాల్వు సంగీతం కోసం పుట్టింది కాదు. 1940ల్లో ఆర్‌సీఏ తెచ్చిన 6ఏఎస్7 ప్రధానంగా పవర్ సప్లయిల్లో వోల్టేజీని నిలకడగా ఉంచే పనికి ఉద్దేశించినది. ఒకే గాజుబుడ్డిలో రెండు ట్రయోడ్‌లు, అంటే మూడు ఎలక్ట్రోడ్ల వాల్వులు. ఒక్కోదాని అంతర్గత నిరోధం 280 ఓమ్‌లే. దాని పెంపు శక్తి నవ్వొచ్చేంత తక్కువ, కేవలం రెండింతలు. ఫిలమెంటు ఒక్కటే 6.3 వోల్టుల దగ్గర 2.5 ఆంపియర్లు తాగుతుంది. పాట మొదలుకాకముందే 16 వాట్లు వేడికి పోయినట్టే. కేథోడ్ ఫాలోయర్‌గా కట్టినప్పుడు మాత్రం దాని ఔట్‌పుట్ ఇంపీడెన్స్ 280ని మూడుతో భాగించినంత, అంటే సుమారు 93 ఓమ్‌లు. ముందు ఒక 6ఎస్‌ఎన్7 గానీ 12ఏయూ7 గానీ పెట్టి సిగ్నల్‌ను పెంచితే, రెండే వాల్వులతో స్టీరియో యాంప్లిఫయర్ పూర్తయినట్టు.

లెక్క చూస్తే ఈ పొత్తు ఎందుకు కుదిరిందో తెలుస్తుంది. ఒక మిల్లీవాట్ శక్తికి 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు 0.55 వోల్టులు, 1.8 మిల్లీఆంపియర్లు కావాలి. 32 ఓమ్‌ల దానికి 0.18 వోల్టు చాలు గానీ కరెంటు 5.6 మిల్లీఆంపియర్లు లాగుతుంది. వాల్వుకు మొదటిది సుఖం, రెండోది శిక్ష. 93 ఓమ్‌ల యాంప్లిఫయర్ నుంచి 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు వోల్టేజీలో మూడు వంతులు చేరితే, 32 ఓమ్‌ల దానికి పావు వంతే చేరుతుంది. వాల్వులోని డీసీ చెవిదాకా రాకుండా మధ్యలో పెట్టే కెపాసిటరు కూడా ఇదే పక్షం. 100 మైక్రోఫారడ్‌ల కెపాసిటరు, 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్ కలిస్తే 5 హెర్ట్జ్ దాకా మంద్రం నిలుస్తుంది. 32 ఓమ్‌లైతే 50 హెర్ట్జ్ దగ్గరే కోత మొదలవుతుంది.

ఇవన్నీ చేతికందినా, అవి సరుకుగా ఒకచోటికి రావడానికి 1990లు రావలసి వచ్చింది. ఎర్‌మ్యాక్స్ అనే జర్మన్ యాంప్లిఫయర్ మూడు బుల్లి వాల్వులతో, అరచేతిలో పట్టేంత పరిమాణంలో, ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా పలికి ఆశ్చర్యపరిచింది; చవకది మాత్రం కాదు. 1997లో సెన్‌హైజర్ హెచ్‌డీ 600, 2003లో హెచ్‌డీ 650 వచ్చాయి. రెండూ 300 ఓమ్‌లే. సీడీ ప్లేయరు జాక్‌లో తగిలిస్తే నీరసంగా పలికే ఈ మంచి హెడ్‌ఫోన్‌ల కోసమే విడి యాంప్లిఫయర్‌కు గిరాకీ పుట్టింది.

సోవియట్ యూనియన్ కూలిపోవడం వాల్వులను చవక చేసింది. పడమటి దేశాలు వాల్వుల తయారీ మానుకుంటున్న కాలంలో సోవియట్ సైన్యం వాటినే నమ్ముకుంది. 1976లో విక్టర్ బెలెంకో మిగ్-25 విమానంతో జపాన్‌లో దిగినప్పుడు దాన్ని విప్పినవాళ్లకు రాడార్‌లో వాల్వులు కనిపించాయి. ఆ సైన్యం కోసం గుట్టలుగా తయారైన 6ఎన్13ఎస్, అంటే సోవియట్ 6ఏఎస్7, 1990ల తర్వాత సంతల్లోకి చిల్లర ధరలకు వచ్చిపడింది. చైనాలో దానికి దీటైనది 6ఎన్5పీ. డార్క్‌వాయిస్ 336 అనే చైనా యాంప్లిఫయర్ కూర్పు సరిగ్గా ఇదే: ముందు 6ఎస్‌ఎన్7, వెనుక 6ఏఎస్7 జాతి. 2010ల్లో అది 200 డాలర్ల చుట్టుపక్కల దొరికేది. లిటిల్ డాట్ అనే మరో చైనా కంపెనీ సోవియట్ నమూనా చిన్న వాల్వులతో ఇదే దారిలో నడిచింది. అమెరికాలో జేసన్ స్టొడార్డ్, మైక్ మాఫట్ 2010లో మొదలుపెట్టిన షిట్ ఆడియో వల్హాలా అనే యాంప్లిఫయర్‌ను 349 డాలర్లకు అమ్మింది. వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన బాటిల్‌హెడ్ ‘క్రాక్’ అనే కిట్‌ను పెట్టెలో పెట్టి పంపింది. సర్క్యూట్ బోర్డు లేకుండా ఒక్కో తీగనూ కొనుక్కున్నవారే సోల్డరింగ్ చేసుకోవాలి. కూలి ఖర్చు కలిసొచ్చింది గానీ లోపల ప్రాణం తీయగల వోల్టేజీ ఉంటుంది. కొత్తవాళ్లకు ఇది ఆటవస్తువు కాదు. 2016 చివర ఆన్‌లైన్‌లో అమ్మే మాస్‌డ్రాప్, సెన్‌హైజర్ కలిసి హెచ్‌డీ 650కే మారు రూపమైన హెచ్‌డీ 6ఎక్స్‌ఎక్స్‌ను 200 డాలర్లకు అమ్మకానికి పెట్టాయి. అప్పటినుంచి హెడ్‌ఫోన్, యాంప్లిఫయర్ రెండూ ఒకే స్థాయి ధరలో దొరికాయి.

వాల్వు శబ్దం ‘వెచ్చగా’ ఉంటుందన్న మాటలో కొంత గణితం దాగి ఉంది. హెచ్‌డీ 600 జాతి హెడ్‌ఫోన్‌ల ఇంపీడెన్స్ మంద్రస్థాయిలో 100 హెర్ట్జ్‌కు కాస్త అటూఇటూగా 500 ఓమ్‌ల దాకా లేస్తుంది. సుమారు 100 ఓమ్‌ల యాంప్లిఫయర్‌తో నడిపితే అక్కడ శబ్దం దాదాపు ఒక డెసిబెల్ పెరుగుతుంది. వినేవారికి అది నిండుతనంగా తోస్తుంది. 120 ఓమ్‌ల పాత ప్రమాణం ఉన్న కాలంలో ఇది దోషం కాదు, మామూలు సంగతి. వాల్వు పేరు చెప్పుకుని తర్వాత వచ్చిన మరో రకం సరుకులో మాత్రం తక్కువ వోల్టేజీతో బొటాబొటిగా వెలిగే బుల్లి వాల్వు ముందుంటుంది, అసలు పని వెనుక ఉన్న చిప్ చేస్తుంది. కొన్నింటిలో వాల్వు కింద నారింజరంగు ఎల్‌ఈడీ కూడా ఉంటుంది, వెలుగు చాలదేమోనని.

చవక యాంప్లిఫయర్ కొన్నవాడి ఖర్చు అక్కడితో ఆగదు. వాల్వు పీకి వాల్వు గుచ్చి పోల్చుకోవడం ఈ సరదాలో సగం. 6ఏఎస్7 సాకెట్‌లో చాలామంది వాడే పాత టంగ్-సోల్ 5998, వెస్ట్రన్ ఎలక్ట్రిక్ 421ఏ కొత్తగా తయారయ్యేవి కావు. మిగిలిన నిల్వలు కరిగేకొద్దీ ధర ఎక్కుతోంది. 421ఏ ఒక్కటి కొనే డబ్బుతో అది గుచ్చుకునే యాంప్లిఫయర్‌నే కొనవచ్చు.