పన్నెండు రాతి శిలువలు

మా అమ్మమ్మది కుండమార్పిడి పెళ్ళి. తాతయ్య చెల్లెల్ని వాళ్ళన్నయ్యకు చేసుకుని, అమ్మమ్మను తాతయ్యకిచ్చారు. "మమ్మల్ని అడిగిందెవరే!" అని నవ్వేది. ఇంగ్లండు చరిత్రలో ఎలినార్ రాణి గురించి చదివినప్పుడు నాకా నవ్వే గుర్తొచ్చింది.

ఇప్పటి ఫ్రాన్సుకు నైరుతి మూలనున్న గాస్కనీ అప్పట్లో ఇంగ్లండు రాజు మూడో హెన్రీ చేతిలో ఉండేది. అది నాదంటూ స్పెయిన్ వైపున్న కాస్టిల్ రాజు పదో అల్ఫాన్సో పేచీకొచ్చాడు. యుద్ధానికి బదులు వియ్యమందుకున్నారు. 1254లో బుర్గోస్‌లో అల్ఫాన్సో సవతి చెల్లెలు ఎలినార్‌కూ, హెన్రీ కొడుకు ఎడ్వర్డుకూ పెళ్ళి చేశారు. అల్ఫాన్సో గాస్కనీ మీద హక్కు వదులుకున్నాడు. పెళ్ళికొడుక్కి 15 ఏళ్ళు, పిల్లకి 13 అటూఇటూ.

వీళ్ళ గురించి అందరూ చెప్పుకునే కథ ఒకటుంది. 1272లో క్రైస్తవుల మతయుద్ధానికి వెళ్ళి ఆక్రాలో ఉండగా ఎడ్వర్డును ఒకడు కత్తితో పొడిచాడు. విషపు కత్తి అంటారు. ఎలినార్ ఆ గాయానికి నోరు పెట్టి విషం పీల్చేసి భర్తను బతికించిందట. ఇది తర్వాతివాళ్ళు అల్లిన కథేనని చరిత్రకారుల మాట.

నాకైతే ఆ కథతో పనే లేదనిపిస్తుంది. అసలామె ఆక్రాలో ఎందుకుంది? పిల్లల్ని ఇంగ్లండులో వదిలి, సముద్రాలు దాటి భర్తతో వెళ్ళింది. ఆ ఏడే అక్కడే ఒక ఆడపిల్లను కన్నది. 1284లో వేల్స్‌లో కార్నార్వన్ కోట ఇంకా కడుతుండగానే అక్కడ రెండో ఎడ్వర్డును కన్నది. మొత్తం 14 మందికి తక్కువ కాకుండా కంటే, పెద్దవాళ్ళయింది ఆరుగురే. అన్ని కడుపుకోతలూ ఇద్దరూ కలిసే భరించారు. ప్రేమ ఏ రోజు పుట్టిందో వాళ్ళకు మాత్రం తెలుసా?

1290 నవంబరు 28న లింకన్ దగ్గర హార్బీ అనే ఊళ్ళో ఎలినార్ పోయింది. భౌతికకాయాన్ని లండన్‌కు తీసుకెళ్తూ రాత్రుళ్ళు ఆగిన ప్రతిచోటా ఎడ్వర్డు ఒక రాతి శిలువ కట్టించాడు. మొత్తం పన్నెండు. మూడు ఇప్పటికీ ఉన్నాయి. ముప్పై ఆరేళ్ళు ఆమె ఆయన వెంట తిరిగింది. ఆ చివరి ప్రయాణంలో ఆయన ఆమె వెంట వెళ్ళాడు.

వాళ్ళేమీ దేవతలు కారు. అప్పుల్లో చిక్కినవాళ్ళ భూములు చవగ్గా చేజిక్కించుకుంటుందని రాణిని జనం తిట్టుకునేవారు. అదే 1290లో యూదులందర్నీ దేశం నుంచి వెళ్ళగొట్టింది కూడా ఈ ఎడ్వర్డే. ఇంట్లో ప్రేమ ఉన్నంత మాత్రాన బయటివాళ్ళ మీద దయ ఉండాలని లేదు. 1299లో ఫ్రాన్సుతో సంధి కోసం ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు కూడా. అయినా ఆ శిలువలు అబద్ధం కావు.

మా తాతయ్య రాజు కాదు, ఏమీ కట్టించలేదు. కానీ అమ్మమ్మ పోయాక, సాయంత్రం పూట ఆవిడ కూర్చునే అరుగు చివర మా ఎవర్నీ కూర్చోనిచ్చేవాడు కాదు. ఎందుకని అడిగితే, "అక్కడ ఎండ తగుల్తుందిలే" అనేవాడు.