సూర్యరశ్మియు విద్యుచ్ఛక్తియు



ఎండకు ధాన్యము ఆఱుటయు, నీరు కాగుటయు మన మెఱిగినవే. కాని ఎండవేడిమితో పనిలేక, వెలుతురు సోకినంతనే విద్యుత్తు పుట్టునని లోకము నమ్ముటకు నూఱేండ్లు పట్టినది. ఆ చరిత్రను నేడు సంగ్రహముగా విన్నవించెదను.

1839లో ఫ్రాన్సు దేశమున ఎడ్మండ్ బెక్వెరెల్ అను పందొమ్మిదేండ్ల యువకుడు, ఆమ్లద్రవమున ముంచిన లోహపు రేకులపై వెలుతురు పడగా విద్యుత్ప్రవాహము కలుగుట గమనించెను. 1873లో ఇంగ్లాండున విల్లోబీ స్మిత్, సముద్రగర్భమున వేయు తంతితీగలను పరీక్షించుటకై సెలీనియము కడ్డీలను వాడుచు, అవి చీకటిలోకంటె వెలుతురులో విద్యుత్తును సులువుగా పోనిచ్చుచున్నవని కనుగొనెను. మూడేండ్లకు ఆడమ్స్, డే అను నిరువురు, బ్యాటరీ లేకయే వెలుతురులో సెలీనియము విద్యుత్తు నిచ్చునని చూపిరి.

1883లో అమెరికాలో చార్లెస్ ఫ్రిట్స్ లోహపు పలకపై సెలీనియమును పఱచి, దానిపై వెలుగు చొరబాఱునంతటి పలుచని బంగారు రేకును కప్పెను. అది పనిచేసెను గాని, పడిన వెలుగులో నూటి కొక వంతైనను విద్యుత్తుగా మాఱలేదు. బొగ్గు కాలకుండ శక్తి యెట్లు పుట్టునని పలువురు సందేహించిరి. జర్మనీలో వెర్నర్ సీమెన్స్ దాని ప్రాముఖ్యమును గుర్తించి ప్రకటించెను. ఐనను కారణము తెలియదు. కారణము తెలియనిది బాగుపఱచుటకు వీలుగాదు.

ఆ కారణము ఒక పగిలిన ముక్కవలన బయటపడినది. 1940లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు రస్సెల్ ఓల్ చీలికగల సిలికాను ముక్క నొకదానిని పరీక్షించుచుండగా, దీపపు వెలుగు సోకి సుమారు అర వోల్టు పుట్టెను. విచారింపగా, కరగిన సిలికాను గడ్డకట్టునపుడు అందలి స్వల్ప మలినములు వేఱుపడి, ముక్కలో రెండు విధములైన పొర లేర్పడినవని తేలెను. ఆ రెంటి హద్దే మూలము.

మెట్టచేనును, పల్లపుచేనును తలచుకొనుడు. నీరు మెట్టనుండి పల్లమునకే పాఱును. అట్లే వెలుతురు తాకిడికి విడివడిన ఎలక్ట్రానులను ఆ హద్దు ఒక ప్రక్కకే త్రోయును. హద్దు లేనిచో అవి విడివడియు మరల తమ చోట్లలో కలిసిపోవును. మనకు దక్కున దేమియు నుండదు.

ఈ మర్మము తెలిసినపిదప పని వేగముగా సాగెను. 1954లో ఆ ప్రయోగశాలయందే చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అనువారు, బుద్ధిపూర్వకముగా మలినములను చేర్చి పొరలు గల్పించి, నూటికి ఆఱు వంతుల వెలుగును విద్యుత్తుగా మార్చిరి. 1958లో ఆకాశమున కెగసిన వాన్‌గార్డ్ అను చిన్న ఉపగ్రహమందలి బ్యాటరీలు కొలదినెలలకే యుడిగిపోగా, సౌరఫలకలు 1964 వఱకు వార్తలు పంపెను. నేడు మన పొలములలో నీరు తోడు సౌరపంపులందును ఆ రెండు పొరల హద్దే పనిచేయుచున్నది.

బెక్వెరెల్ చూచినది నిష్ఫలము గాలేదు. కాని అది పంటకాపునకు అక్కఱకు వచ్చుటకు, ఎందువలన నని యడిగిన పెక్కుమంది శ్రమ కావలసివచ్చెను. ఈ మాటను మన పిల్లలకు చెప్పవలయునని నా విన్నపము.