విమానదళాల మూగ నేస్తాలు

ఫిషింగ్ హార్బర్ దాటి సముద్రతీరం వెంట ఉత్తరంగా సాగితే, 2017లో ప్రదర్శనశాలగా మారిన టి.యు. 142 విమానం కనబడుతుంది. నౌకాదళంలో అది సేవచేసిన స్క్వాడ్రనుకు 'ఆల్బట్రాస్' అనే సముద్రపక్షి పేరు. పేరుతో తృప్తిపడక, ప్రాణమున్న జంతువునే దళంలో ఒకరుగా పెంచుకొనే ఆచారం రెండవ ప్రపంచయుద్ధంలో వైమానికులకు ఉండేది.

విశాఖ రేవు 1942 ఏప్రిల్ 6న జపాను బాంబులను చవిచూసింది ఆ యుద్ధంలోనే. ఐరోపా రంగంలో, 1940లో, చెకొస్లొవేకియా వైమానికుడు రాబర్ట్ బోజ్డెక్‌కు ఫ్రాన్సులో ఒక పాడుబడిన ఇంట కుక్కపిల్ల దొరికింది. దానికి యాంటిస్ అని పేరుపెట్టాడు. అతడు బ్రిటిషు వైమానికదళపు 311వ స్క్వాడ్రనులో చేరగా, యాంటిస్ దళానికంతకూ ముద్దుబిడ్డ అయింది. బాంబరు వెళితే, తిరిగి వచ్చేదాకా విమానక్షేత్రంలో ఎదురుచూసేది. 1941లో ఒకనాడు రహస్యంగా తానూ విమానమెక్కింది. పిమ్మట ముప్పైకి మించిన యాత్రలలో వెంట ఉండి, గాయాలు కూడా పొందింది. జంతువుల శౌర్యానికిచ్చే డికిన్ పతకం 1949లో దానికి లభించింది.

ఏ రాత్రి ఎవరు తిరిగి వస్తారో తెలియని ఆ యువకులకు, తమకోసం ఒక ప్రాణి కనిపెట్టుకొని ఉన్నదన్న తలపే ఊరట. యుద్ధమెందుకో ఎరుగని మూగజీవి చేసిన ఆ ఉపకారం పతకంతో తీరే ఋణం కాదు.