దశరథుడు తప్పే పరీక్ష

మన పురాణాల్లో వేట ప్రమాదాలు ముఖ్యమైనవి మూడున్నాయి. మూడూ కథను మలుపు తిప్పినవే. యువరాజుగా ఉన్న రోజుల్లో దశరథుడు సరయూ తీరాన చీకట్లో కాచుకుని, కుండ మునిగిన బుడబుడ చప్పుడు విని, ఏనుగు నీళ్ళు తాగుతోందనుకుని బాణం వదిలాడు. పాండురాజు జింకల జంట మీద బాణాలు వేస్తే అందులో మగజింక కిందముడనే ముని అయి కూర్చుంది. జర అనే బోయవాడు, నేలమీద ఒరిగి ఉన్న శ్రీకృష్ణుడి పాదం చూసి లేడి అనుకుని కొట్టాడు.

పాండురాజు సంగతి వదిలేయండి. ముని జింక రూపం ధరించి తిరుగుతూంటే ఎంత చదువుకున్న వేటగాడు మాత్రం ఏం పోల్చుకోగలడు! మిగతా ఇద్దరి విషయం అలా కాదు. ఒకాయన చప్పుడు విని కొట్టాడు, ఇంకొకాయన శరీరంలో ఒక్క భాగం చూసి కొట్టాడు. ఈ రెండూ చెయ్యకూడని పనులని చెప్పి, పరీక్ష పెట్టి, పాసైతేనే వేటకు లైసెన్సు ఇచ్చే ఏర్పాటు ఇప్పుడు అమెరికాలో ఉంది. పైగా ఇంట్లో కూర్చుని కంప్యూటరులో చదువుకోవచ్చు.

పోయిన ఏడాది టెక్సాస్ రాష్ట్రంలో, డాలస్ దగ్గర మా అక్క కొడుకు ఇంట్లో రెండు నెలలున్నాను. వాడి ఆఫీసు స్నేహితులు నవంబరులో జింకల వేటకు వెళ్తారట, వీణ్ణీ రమ్మన్నారట. బల్లి కనిపిస్తే కుర్చీ ఎక్కే వంశం మాది! "నీకు వేటేమిట్రా?" అంటే, "ముందు కోర్సు పాసవ్వాలి పిన్నీ, తరవాత చూద్దాం" అన్నాడు. వాళ్ళమ్మకు చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకున్నాడు. పత్రికలో రాస్తే చెప్పినట్టు కాదు గదా!

రాత్రి భోజనాలయ్యాక డైనింగు టేబులు మీదే కంప్యూటరు తెరిచి కూర్చునేవాడు. పక్కన నేను. ఒక్కో పేజీకి ఇంతసేపని గడువు పెట్టారు. అది గడిస్తే గానీ తరువాతి పేజీ తెరుచుకోదు. పరీక్షకు ముందు రాత్రి గైడు తిరగేసి గట్టెక్కే మన విద్య అక్కడ చెల్లదన్నమాట.

పాఠాలు చూడబోతే వంటింట్లో పిల్లలకు చెప్పే జాగ్రత్తల్లాగే ఉన్నాయి. తుపాకీలో తూటా లేదని ఎవరు ఒట్టేసి చెప్పినా, ఉందనే అనుకోవాలి. గొట్టం ఎప్పుడూ మనుషులు లేని వైపుకే ఉండాలి. కాల్చే క్షణం దాకా వేలు ట్రిగ్గరు మీదికి పోరాదు. కంచె దాటవలసి వస్తే తూటాలు తీసేసి, తుపాకీని ముందు అవతల పెట్టి, అప్పుడు మనం దాటాలి. చెట్టుకు కట్టిన మంచె ఎక్కితే ఒంటికి పట్టీలు బిగించుకోవాలి, ఎందుకంటే మంచె మీంచి పడి నడుము విరగ్గొట్టుకునే వేటగాళ్ళు తక్కువేం కాదు. ఇద్దరు ముగ్గురు కలిసి నడుస్తూంటే ఎవరికి వారికి ముందువైపు కొంత మేర గీసినట్టు ఉంటుంది. పిట్ట ఆ మేర దాటి పోయిందా, పోనివ్వాల్సిందే. దాని వెంట తుపాకీ తిప్పకూడదు.

అన్నిటికంటే ముఖ్యంగా, కొట్టబోయేది ఏమిటో తేల్చుకోవాలి. దాని వెనకాల ఏముందో కూడా చూసుకోవాలి. ఇక్కడికి వచ్చేసరికి ఒక ప్రశ్న: పొద కదిలింది, ఆకులు గలగలమన్నాయి, నువ్వేం చేస్తావు? "దశరథుడు ఈ ప్రశ్న తప్పేవాడురా" అన్నాను. వాడు తెర మీంచి కళ్ళు తిప్పకుండానే, "అందుకేగా పిన్నీ అంత రామాయణం జరిగింది!" అన్నాడు.

బి.ఏ.లో చరిత్ర చదివానన్న మాటే గానీ, ఆ చరిత్రలో రాజులు వేటకు వెళ్ళడమే తప్ప వేటలో పొరపాటున పోయిన మనుషుల లెక్క నేనెక్కడా చదవలేదు. మన దేశంలోనైతే ఇప్పుడా ప్రసక్తే లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట్లో లైసెన్సు మీద వేటకు కొంత వీలుంచింది. 1991 సవరణతో ఆ తలుపూ మూసుకుంది. అందుకని ఈ లైసెన్సు కథ ఎలా మొదలైందో తెలుసుకోవాలని నాకు కుతూహలం పుట్టింది. ఇంటికి వచ్చాక కూడా చదువుతూనే ఉన్నాను.

చిత్రమేమిటంటే, అమెరికావాళ్ళకు ముందు జంతువుల మీద జాలి కలిగింది, మనుషుల మీద తరువాత. ఒకప్పుడు ఆకాశం కమ్మేసినట్టు ఎగిరిన పాసెంజరు పావురాలను కాల్చి కాల్చి, చివరికి సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో ఒక్కటంటే ఒక్కటి మిగిల్చారు. మార్తా అని పేరు పెట్టారు దానికి. 1914 సెప్టెంబరు 1న అదీ పోయింది. దొంగవేట మాంసాన్ని రాష్ట్రాల సరిహద్దులు దాటించకుండా 1900లోనే లేసీ చట్టం వచ్చింది. 1937లో రూజ్వెల్టు సంతకం చేసిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం వేట తుపాకుల మీదా తూటాల మీదా వసూలయ్యే పన్ను వన్యప్రాణుల సంరక్షణకు చేరుతుంది. ఇవన్నీ మృగాలూ పక్షులూ మిగలాలని చేసినవి. పక్కన నడిచే మనిషి మిగలాలన్న ఆలోచన చట్టంలోకి రావడానికి ఇంకా పన్నెండేళ్ళు పట్టింది.

1949లో న్యూయార్కు రాష్ట్రం, కుర్రవాళ్ళు శిక్షణ పొందితే గానీ వేట లైసెన్సు ఇవ్వబోమని మొదటగా చట్టం చేసింది. ఆ శిక్షణ తయారుచేయడంలో చెయ్యి కలిపింది ఎవరనుకున్నారు? తుపాకుల చట్టమంటే చాలు, అడ్డం పడుతుందని తరువాతి కాలంలో పేరుపడ్డ నేషనల్ రైఫిల్ అసోసియేషనే! తరువాత ఒక్కొక్క రాష్ట్రమూ ఆ దారి పట్టింది. 1970లో పిస్తోళ్ళ మీద కూడా పన్ను వేసి, అందులో కొంత సొమ్ము ఈ శిక్షణకు వాడుకోవచ్చునన్నారు. దాంతో క్లాసులకు డబ్బు సమకూరింది. టెక్సాస్‌లో 1988లో ఈ చదువు తప్పనిసరి అయింది. 2020లో కోవిడ్ వచ్చి క్లాసులు మూతపడ్డాక చాలా రాష్ట్రాలు మొత్తం కోర్సును కంప్యూటరులోనే కానిచ్చేశాయి.

చదువు వల్ల ఫలితం లేదనలేం. న్యూయార్కులో 1960లలో ఏటా నూరు దాటి జరిగిన కాల్పుల ప్రమాదాలు ఈమధ్య ఇరవై లోపుకు దిగాయి. వేటగాళ్ళూ తగ్గారనుకోండి. నారింజ రంగు చొక్కాలు కూడా కొంత కాపాడాయి. జింక కంటికి ఎరుపు, నారింజ సరిగా ఆనవట, మనిషి కంటికేమో అవి మైలు దూరాన్నించి కొట్టొచ్చినట్టు కనబడతాయి. 2016లో విస్కాన్సిన్ రాష్ట్రం నారింజతో పాటు గులాబీ రంగు కూడా వేసుకోవచ్చునంది. ఆడవాళ్ళు వేటకు వస్తారని శాసనసభ్యుల ఆశ! మేము రాకపోవడానికి కారణం రంగా అని వేటాడే ఆడవాళ్ళే ఎదురడిగారు. సరిగ్గా అడిగారు.

అయితే నా మనసును పట్టుకున్నది ఈ లెక్కలు కాదు. తప్పు ఎవరిదనే ప్రశ్న.

1988 నవంబరు 15న మెయిన్ రాష్ట్రంలో హెర్మన్ అనే ఊళ్ళో, ఏడాది వయసు కవల ఆడపిల్లల తల్లి ఒకామె తన ఇంటి వెనక పెరటివైపు వచ్చింది. ముప్ఫై ఏడేళ్ళ మనిషి. ఆ కుటుంబం ఆ రాష్ట్రానికి వచ్చి కొద్ది నెలలే అయింది. చలికాలం గనుక చేతులకు తెల్లని ఊలు తొడుగులు వేసుకుంది. అక్కడి జింక బెదిరినప్పుడు తోకెత్తుతుంది, ఆ తోక అడుగుభాగం తెల్లగా ఉంటుంది. చెట్ల మధ్య నుంచి వేటగాడొకడు కాల్చాడు. తుపాకీకి దుర్భిణి కూడా ఉంది. పిల్లలిద్దరూ ఇంట్లో ఉండగా ఆమె పెరటిలోనే ప్రాణం విడిచింది.

తరువాత జరిగింది చదువుతుంటే నాకు చేతులు చల్లబడ్డాయి. ఊరు రెండుగా చీలింది. నవంబరు నెలలో, వేట కాలంలో, నారింజ రంగు వేసుకోకుండా ఎందుకు బయటికి వచ్చింది, తెల్ల తొడుగులెందుకు వేసుకుంది అని పత్రికలకు ఉత్తరాలు రాశారు. సొంత పెరట్లో నిలబడ్డ మనిషిని! మనవైపు ఆడపిల్లకు ఏదైనా జరిగితే "ఆ వేళప్పుడు అక్కడికెందుకెళ్ళింది?" అని మొదలుపెట్టే గొంతులు నాకు గుర్తుకొచ్చాయి. సముద్రాలు దాటినా ప్రశ్న అదే. మొదట కూర్చున్న గ్రాండ్ జ్యూరీ కేసు పెట్టనక్కర్లేదంది. మరో జ్యూరీ పెట్టాలంది. 1990లో విచారణ జరిగి వేటగాడు నిర్దోషిగా బయటపడ్డాడు. కావాలని చెయ్యలేదు గదా, ఎవరి కంటికైనా పొరపాటు రావచ్చు గదా అన్న వాదన గెలిచింది.

కానీ ఆ రాష్ట్రం అక్కడితో ఊరుకోలేదు. గురి తేల్చుకునే బాధ్యత పూర్తిగా తుపాకీ పట్టినవాడిదేనని 1991లో మెయిన్‌లో చట్టం వచ్చింది. జంతువు తలా, మొండెమూ అడ్డం లేకుండా కనబడాలి. చప్పుడొక్కటే ఆధారంగా కాల్చరాదు. చప్పుడుకు తోడు ఏదో ఒక అవయవం కనిపించినా సరే, అది చాలదు. చట్టం చెప్పే సారాంశం ఇది. చదివి నేను ఉలిక్కిపడ్డాను. చప్పుడన్నది దశరథుడు, ఒక్క అవయవమన్నది జర! ఆ చట్టం రాసినవాళ్ళు మన పురాణాలు విని ఉండరు. ఆ పెరటిలో చనిపోయిన ఇల్లాలు వాళ్ళచేత రాయించింది.

ఇంకొక సంగతి పెద్దమనుషులది. 2006 ఫిబ్రవరి 11న టెక్సాస్‌లో ఒక పశుక్షేత్రంలో అప్పటి ఉపాధ్యక్షుడు డిక్ చేనీ పూరేడు పిట్టల వేటకు వెళ్ళాడు. పిట్ట ఎగిరిన వైపు తుపాకీ తిప్పి కాల్చాడు. పిట్టకు బదులు తోటి వేటగాడు, డెబ్బై ఎనిమిదేళ్ళ లాయరు హ్యారీ విట్టింగ్టన్ ముఖమూ మెడా ఛాతీ చిన్న చిన్న గుళ్ళతో నిండిపోయాయి. పైన చెప్పానే, పిట్ట తన మేర దాటితే వదిలేయాలని, అదే పాఠం. ఇక్కడా మొదట వినబడిన మాట ఏమిటంటే, ఆ ముసలాయన వెనకనుంచి వస్తూ "నేనిక్కడున్నాను" అని కేకేయలేదని! నాలుగు రోజుల తరువాత చేనీ టెలివిజన్‌లో, ట్రిగ్గరు నొక్కింది నేనేనని ఒప్పుకున్నాడు. విట్టింగ్టన్ ఆసుపత్రి నుంచి బయటికి వచ్చి, తనవల్ల చేనీకీ ఆయన కుటుంబానికీ ఇంత ఇబ్బంది వచ్చినందుకు విచారిస్తున్నానన్నాడు. గుళ్ళు తిన్నవాడే! ఒంట్లో కొన్ని గుళ్ళు మిగిలే ఉండగా తొంభై అయిదేళ్ళు బతికి, 2023లో పోయాడు.

దశరథుణ్ణి ఇందాకటినుంచీ తీసిపారేస్తున్నాను గానీ ఆయనకు దక్కవలసింది దక్కాలి. ఆ రాత్రే, పిల్లవాడి కుండలో నీళ్ళు నింపుకుని, దారి వెతుక్కుంటూ ఆ గుడ్డి తల్లిదండ్రుల దగ్గరికి తానే వెళ్ళి, మీ కొడుకును కొట్టింది నేనని చెప్పాడు. నువ్వే వచ్చి చెప్పి ఉండకపోతే నీ తల లక్ష వక్కలయ్యేదన్నాడు ఆ తండ్రి, వాల్మీకంలో. చీకటి పడ్డాక నీళ్ళకెందుకొచ్చాడని అక్కడెవరూ అడగలేదు. చేనీ విషయమైతే లోకానికి మర్నాడు గానీ తెలియలేదు, అదీ ఆ పశుక్షేత్రం యజమానురాలు ఊరి పత్రికకు చెబితే.

ఇంతకీ ఉపాధ్యక్షుడు ఈ కోర్సు చదివాడా అని మా వాణ్ణి అడిగాను. వాడు నియమాల పేజీ తీసి చూపించాడు. టెక్సాస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తరువాత గానీ పుట్టినవాళ్ళకే ఈ చదువు తప్పనిసరి. అంతకుముందు పుట్టినవాళ్ళకు అక్కర్లేదు. చేనీ పుట్టింది 1941లో. ఆ రోజు ఆయన మీద అధికారులు పట్టిన లోపమల్లా పూరేడు పిట్టలకు వేరుగా కొనవలసిన ఏడు డాలర్ల స్టాంపు కొనలేదని. దానికి ఒక హెచ్చరిక కాగితం ఇచ్చారు. ఆ తేదీ నేటికీ మారలేదు. దానికి ముందు పుట్టిన పెద్దమనిషి టెక్సాస్‌లో లైసెన్సు రుసుము కట్టేసి, ఏ పరీక్షా రాయకుండా ఇప్పుడైనా తుపాకీ భుజాన వేసుకుని వెళ్ళవచ్చు. మా వాడికి ఆ వెసులుబాటు లేదు. నేను తిరుగు ప్రయాణం కట్టే నాటికి ఇంకా మూడు అధ్యాయాలు మిగిలాయి.